గుంటలో పడ్డ ఎద్దు



ఈ పేజీలో నేను ఎప్పుడూ వరి, మినుము, పురుగు మందులు, కౌలు, మిల్లు రేటు, ఇవే రాస్తుంటా. ఇవాళ రాసేది పంట సంగతి కాదు. కానీ ఇది కూడా చేలోనే మొదలైంది, అందుకే ఇక్కడే రాస్తున్నా. కొంచెం పెద్దదే. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. చర్చి సంగతులు తెలియని మిత్రులకి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తా.

రాసే ముందు ఒకామెను అడిగా. "నా పేరు పెట్టకుండా చెప్పండి మావయ్యా. జరిగింది మాత్రం మార్చొద్దు" అంది. అందుకని పేరు రాయను, జరిగింది మార్చను.

మా ఊరు బాపట్ల పక్కన. నాకు సొంతం ఎకరంన్నర, కౌలు రెండెకరాలు. చదివింది ఇంటర్. చేతిరాత బాగుంటుందని మా బాప్టిస్టు చర్చి వాళ్ళు చాలా ఏళ్ళ కిందట నన్ను సెక్రటరీని చేశారు. నా దగ్గర మూడు పుస్తకాలు ఉంటాయి. సభ్యుల రిజిస్టరు, కానుకల లెక్క, కమిటీ మినిట్స్ పుస్తకం. ఈ కథంతా ఆ మూడో పుస్తకంలో ఒక పేజీ గురించి.

ప్రతి నెలా మొదటి ఆదివారం మా గుళ్ళో బల్ల ఉంటుంది. ప్రభురాత్రి భోజనం అన్నమాట. చిన్న రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. తినడానికి అదేమంత కాదు. కానీ అది తీసుకున్నవాడే ఈ ఇంటి మనిషి అని లెక్క. ఎవరన్నా తప్పు చేశారని సంఘం అనుకుంటే కొన్నాళ్ళు వాళ్ళకి బల్ల ఆపుతారు. దాన్ని మేము క్రమశిక్షణ అంటాం. అలాంటివాళ్ళు గుళ్ళో కూర్చోవచ్చు, పాటలు పాడొచ్చు. పళ్ళెం తమ వరసలోకి వచ్చినప్పుడు మాత్రం తీసుకోకుండా పక్కవాళ్ళకి అందించాలి. గుడి మొత్తం చూస్తుంది. చూడనట్టు ఉంటారు గానీ అందరూ చూస్తారు.

2016 లో ఆమె భర్త చనిపోయాడు. వరసకి నాకు కొడుకవుతాడు. ఇద్దరు పిల్లలు, చిన్నోడు అప్పటికి ఇంకా బడిలో వేయలేదు. ఆసుపత్రికి చేసిన అప్పు ఉంది, డ్వాక్రా కిస్తీ ఉంది. మా వైపు వరి కోతలైపోయాక ఆడవాళ్ళకి పని తక్కువ. ఆటోల్లో గుంటూరు వైపు మిరపకాయ కోతలకి పోతారు. ఆమె కూడా ముఠాలో చేరింది. ముఠా మేస్త్రీకి ఒకటే మాట. వస్తే ఏడు రోజులూ రా, ఆదివారం మానేస్తే నీ చోటు ఇంకొకరికిస్తా. కాయ పండాక ఆదివారం అని ఆగదు గదా. మేస్త్రీ ఆసామికి మాటిచ్చి ఉంటాడు, అతని బాధ అతనిది.

వరసగా ఆరు ఆదివారాలు ఆమె గుడికి రాలేదు. కమిటీలో మాట వచ్చింది. "ఆదివారం కూలికి పోతోంది, అడిగితే మానలేనంది, చూసి ఇంకో నలుగురు పోతారు" అన్నారు. ఎవరూ కోపంగా అనలేదు. అది గుర్తుపెట్టుకోండి. అందరూ బాధగానే అన్నారు. పది నిమిషాల్లో తీర్మానం అయింది. ఆదివారం పని మానేదాకా బల్ల ఆపాలి. నేనే రాశా. వచ్చే బల్ల ఆదివారం ప్రకటనల్లో నేనే లేచి చదివా. ఆ వారం కోతలు లేక ఆమె గుడికి వచ్చి ఉంది. మూడో వరసలో కూర్చుంది. చిన్నోడు ఒళ్ళో ఉన్నాడు. పళ్ళెం వచ్చినప్పుడు వాడు రొట్టె ముక్క కోసం చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి పళ్ళెం పక్కకి అందించింది.

తర్వాత ఆమె మళ్ళీ రాలేదు. మేము వెళ్ళి అడగలేదు కూడా. కొన్నాళ్ళకి రిజిస్టర్లో ఆమె పేరు పక్కన "హాజరు లేదు" అని రాశా. అది కూడా నా చేతిరాతే.

అసలు ఈ ఆదివారం నియమం మాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. లేకపోతే మేమేదో ఊరికే మూర్ఖంగా పట్టుకున్నామని మీరనుకుంటారు.

1866 లో జాన్ క్లౌ అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. మా పెద్దలు క్లౌ దొర అనేవాళ్ళు. ఆయన దగ్గరికి మొదట్లో వచ్చినవాళ్ళలో తాళ్ళకొండపాడు మనిషి యర్రగుంట్ల పేరయ్య ఒకడు. ఆయన వెనక ఊళ్ళకి ఊళ్ళు మాదిగ పల్లెలు కదిలాయి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఆ కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వే పనిలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. అన్నం కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అయినా జనం ఆగలేదు. 1878 జూలై 3 న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత తండ్రి ఆ గుంపులో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం లేదు, మాటే.

ఆ మనుషులకి చదువు లేదు. పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్తే ఎక్కవు. అందుకని వాళ్ళ ముందు మూడే నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. అంతే.

ఇప్పుడు ఆ మొదటి నియమాన్ని ఆ కాలంలో పెట్టి చూడండి. వాళ్ళెవరు? ఊరికి చెప్పులు కుట్టేవాళ్ళు, మోటలకి తోలు బానలు కుట్టేవాళ్ళు, జాతరలో డప్పు కొట్టేవాళ్ళు, పిలిస్తే వెట్టికి పోవాల్సినవాళ్ళు. వాళ్ళకి వారం లేదు, సెలవు లేదు, రాను అనే మాట లేదు. అలాంటి మనిషి ఒక పొద్దున లేచి "ఇవాళ ఆదివారం, రాను" అన్నాడు. మా నాయన ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. "అది నియమం కాదురా, మనవాళ్ళు దొరల ముందు మొదటిసారి తలెత్తి నిలబడిన రోజు" అనేవాడు. ఊరికే ఒప్పుకోలేదు ఆసాములు. కొట్టారు, పని మాన్పించారు, నీళ్ళు ఆపారు. అయినా ఆ ఒక్క రోజు వాళ్ళు వదల్లేదు.

అంటే ఆదివారం పని చేయొద్దనేది మా వాళ్ళకి మొదట శిక్షగా రాలేదు. వరంగా వచ్చింది. ఏడు రోజులు వంగిన నడుముకి ఒక రోజు ఇచ్చిన వరం. నూట నలభై ఏళ్ళు తిరిగేసరికి అదే వరాన్ని మేము కర్రగా చెక్కి, కొట్టడానికి ఒక కూలి మనిషిని వెతుక్కున్నాం. అప్పట్లో ఆదివారం రానన్నందుకు మా వాళ్ళని దొరలు దండించారు. 2016 లో ఆదివారం పోయినందుకు మా మనిషిని మేమే దండించాం. రెండుసార్లూ దెబ్బ పడింది కూలి మీదే.

ఇదంతా నాకు 2016 లో తోచలేదు. అప్పుడు నిద్ర బాగానే పట్టింది. నాకు తోచింది నా వరి తడవబోయినప్పుడు.

2023 డిసెంబరు. మిచాంగ్ తుఫాను మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మంగళవారం 5 వ తేదీ మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అంతకు ముందు శనివారానికి నాకు రెండున్నర ఎకరాల వరి కోసి పనల మీద ఉంది. బీపీటీ 5204. ఇంకో ఎకరం కోతకి రెడీగా నిలబడి ఉంది. ఫోన్లో హెచ్చరికల మీద హెచ్చరికలు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. కౌలు కట్టాలి, ఎరువుల కొట్లో బాకీ ఉంది, పనల మీద వరి తడిసి మొలకెత్తితే కొనేవాడు ఉండడు.

ఆదివారం 3 వ తేదీ. మొదటి ఆదివారం. బల్ల ఉన్న రోజు. నేను రిజిస్టరు పట్టుకుని గుళ్ళో ముందు బల్ల దగ్గర కూర్చోవాల్సిన రోజు.

తెల్లారుజామున నాలుగింటికే మేస్త్రీకి ఫోన్ చేశా. ఎంతమంది దొరికితే అంతమందిని తీసుకురా, కుప్పలు వేయాలి, ఎంతడిగితే అంతిస్తా అన్నా. ఆదివారం అని నాకు గుర్తుంది. గుర్తులేక చేయలేదు. పాస్టరు గారికి ఫోన్ చేసి రాలేనని చెప్పా. "వెళ్ళండి అయ్యా, వెళ్ళండి, ముందు పంట చూసుకోండి, ప్రార్థన చేస్తాం" అన్నాడు. ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజంగా. ఎంత మంచి మాట అనుకున్నా.

ఆటో వచ్చింది. పద్నాలుగు మంది దిగారు. అందులో ఆమె ఉంది.

ఒకే ఊళ్ళో ఉన్నా ఏడేళ్ళుగా మేము సరిగ్గా మాట్లాడుకోలేదు. ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నా అనడం, అంతే. ఆ రోజు ఆమె కొంగు నడుముకి చుట్టుకుని నేరుగా చేలోకి దిగింది. ఆ ముఠాలో అందరికంటే చురుగ్గా చేసింది ఆమే. పనలు కట్టడం, మోయడం, కుప్ప వేయడం. మధ్యాహ్నానికి మబ్బు దిగింది, గాలి మారింది. పది నిమిషాలు కూడా కూర్చుని అన్నం తినలేదు వాళ్ళు. దూరంగా గుడి గంట వినపడింది. నేను వాళ్ళ వైపు చూడలేదు. చీకటి పడేసరికి రెండున్నర ఎకరాలూ కుప్పలకెక్కాయి. పట్టాలు కప్పి, తాళ్ళు కట్టి, సంచుల్లో మట్టి పోసి బరువు పెట్టాం.

కూలి ఇచ్చేటప్పుడు ఆమె వంతు వచ్చింది. ఒక నోటు ఎక్కువ కలిపి ఇచ్చా. లెక్కపెట్టి ఎక్కువ ఉన్న నోటు తిరిగి నా చేతిలో పెట్టింది. పెట్టి, నవ్వుతూ అంది:

"ఆదివారం పనికొచ్చా మావయ్యా. పుస్తకంలో రాసుకోండి."

పక్కన ఉన్నవాళ్ళకి అది ఏ పుస్తకమో తెలియదు. కూలి లెక్క అనుకున్నారు. నాకు తెలుసు. ఆటో వెళ్ళిపోయింది. నేను గట్టు మీద కూర్చున్నా. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.

తర్వాత రెండు రోజులు వాన దంచింది. కోయని ఎకరం నేలకి ఒరిగిపోయింది. కుప్పలు మాత్రం దక్కాయి. కౌలు కట్టానంటే, ఈ ఏడు అప్పు పెరగలేదంటే, ఆ ఆదివారం ఆ పద్నాలుగు మంది చేసిన పనివల్లే.

జనవరి కమిటీలో నా పేరు నేనే ఎజెండాలో రాశా. "ఆదివారం పని చేసినందుకు, పద్నాలుగు మందితో చేయించినందుకు, సెక్రటరీ మీద క్రమశిక్షణ" అని. అందరూ నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆగారు. పాస్టరు గారు బైబిలు మాట గుర్తుచేశారు. విశ్రాంతి దినాన మీలో ఎవడి ఎద్దయినా గుంటలో పడితే వెంటనే పైకి తీయడా అని యేసు ప్రభువు పరిసయ్యుల్ని అడిగిన సంగతి లూకా సువార్తలో ఉంది. "మీది గుంటలో పడ్డ ఎద్దండీ, దీనికి క్రమశిక్షణ ఏంటి" అన్నారు. అందరూ సరే అన్నారు. నాకు క్షమాపణ దొరకడానికి రెండు నిమిషాలు పట్టింది. నేను అడగకుండానే దొరికింది.

అప్పుడు 2016 పేజీ తెరిచి చదివా.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా పెద్దాయన ఒకరు అన్నారు: "ఆ అమ్మాయిది అలవాటు. నీది అవసరం. రెండూ ఒకటెట్లా అవుతాయి?"

ఆయన్ని చెడ్డవాడు అనుకోకండి. ఆ అమ్మాయి భర్త చనిపోయినప్పుడు మూడు నెలలు ఆ ఇంటికి బియ్యం పంపిన మనిషి ఆయన. చెప్పుకోకుండా పంపాడు. అదే మనిషి ఇదే మాట అన్నాడు. నాకు జవాబు వెంటనే రాలేదు. ఇంటికొచ్చి రెండు రాత్రులు ఆలోచిస్తే వచ్చింది. తుఫాను ఎప్పుడో ఒకసారి వస్తుంది కాబట్టి నాది అవసరం. ఆకలి రోజూ వస్తుంది కాబట్టి ఆమెది అలవాటు. నా వరి గుంటలో పడ్డ ఎద్దు అయింది. ఆమె పిల్లలు మాత్రం మాకు ఎద్దు పాటి కూడా కాలేకపోయారు.

ఇంకో సంగతి. పది ఆజ్ఞలు ద్వితీయోపదేశ కాండంలో రెండోసారి చెప్పినచోట విశ్రాంతి దినం గురించి ఏముందో ఈసారి నిదానంగా చదివా. నీ దాసుడు, నీ దాసి కూడా నీలాగే విశ్రమించాలి, నువ్వూ ఒకప్పుడు ఐగుప్తులో దాసుడివే, అది మర్చిపోవద్దు అనే అర్థంలో ఉంటుంది. అంటే ఈ ఆజ్ఞ ముందుగా ఎవరికి? పని చెప్పేవాడికి. ఆసామికి. పశువులకి కూడా ఆ రోజు విశ్రాంతి ఇవ్వమని ఉంది. నేను యాభై ఏళ్ళుగా విన్న ఆజ్ఞ, కూలివాడా ఆదివారం పనికి పోకు అని. అక్కడ రాసింది, ఆసామీ నీ కూలిని ఆ రోజు సేదతీరనివ్వు అని. 2016 లో ఆ అమ్మాయి ఎవరి చేలో కాయలు కోస్తోందో మేము అడగలేదు. ఆ ఆసామి ఏ గుడికి పోతాడో అడగలేదు. ఆదివారం కూలి మానితే ఆ రోజు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో అడగలేదు. సంఘంగా మేము తలా కొంచెం వేసుకుని వారానికి ఆ ఒక్క రోజు కూలి ఇచ్చి ఉంటే ఆమె ఆదివారం గుళ్ళోనే ఉండేది. ఆజ్ఞ నిలబడేది, ఆమే నిలబడేది. మేము అలా చేయలేదు. తీర్మానానికి ఖర్చు లేదు. సిరా చాలు.

ద్రాక్షతోట ఆసామి కథ ఉంది చూడండి, మత్తయి సువార్తలో. పొద్దున్నే వచ్చినవాడికీ, సాయంత్రం ఇంకో గంటలో పొద్దు గూకుతుందనగా వచ్చినవాడికీ ఒకటే కూలి ఇస్తాడు. రైతుగా చెప్తున్నా, ఆ కథ నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. మా ఊళ్ళో అలా ఇస్తే మర్నాడు పొద్దున్నే ఎవడొస్తాడు? పాస్టర్లు అది పరలోకం సంగతి అని దాటేసేవాళ్ళు. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ ఆసామి లెక్క పనిగంటల లెక్క కాదు. సాయంత్రం దాకా అడ్డా మీద నిలబడినవాడికి పని దొరకలేదు గానీ, ఇంట్లో అన్నం తినేవాళ్ళు మాత్రం అంతమందే. ఆకలి పావు వంతు ఉండదు. అది చూసి ఇచ్చాడు. కృప అనే మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నా, పాటల్లో పాడుతున్నా. దాని అర్థం మా నాయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎదుటివాడి లెక్క చూడబోయే ముందు వాడి ఇంట్లో పొయ్యి చూడటం అనుకుంటున్నా, నాకు అర్థమైనంత వరకూ.

అట్లని నియమాలే వద్దంటారా అని కొందరు అడుగుతారు. నేను అలా అనను. మా నాయన పెళ్ళైన కొత్తల్లో సారా తాగేవాడు. ఆయన్ని మాన్పించింది ఆ సంఘం కట్టుబాటే. అప్పటి పెద్దలు ఆయనకీ బల్ల ఆపారు. కానీ ఆపినవాళ్ళు ప్రతి సాయంత్రం మా ఇంటికొచ్చి, ఆయన సారా కొట్టు వైపు పోయే టైముకి మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళట. మా అమ్మ చెప్పేది, ఎనిమిది నెలలు అలా వచ్చారని. ఎనిమిది నెలల తర్వాత ఆయన బల్ల తీసుకున్న రోజు వాళ్ళే మా ఇంట్లో కూర వండించుకుని తిన్నారు. అదీ క్రమశిక్షణే. మేము 2016 లో చేసిందీ క్రమశిక్షణే అని రాశాం. పేరు ఒకటే. చేనుకి గట్టు లేకపోతే నీళ్ళు నిలవవు, నిజమే. నీళ్ళు పెట్టడం మానేసి ఏడాది పొడుగునా గట్టు మాత్రమే వేస్తూ కూర్చుంటే ఆ చేలో ఏం పండుతుంది?

పౌలు గలతీయులకి రాసిన ఉత్తరంలో ఒక గొడవ ఉంది. పేతురు అంతియొకయలో యూదులు కానివాళ్ళతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి నియమం పట్టిన మనుషులు రాగానే భయపడి పక్కకి జరిగాడు. పౌలు అందరి ముందే పేతుర్ని నిలదీశాడు. ఆ ఉత్తరంలో ధర్మశాస్త్రం, కృప అని చాలా లోతైన మాటలు ఉంటాయి, పాస్టర్లు నెలలు నెలలు బోధిస్తారు. కానీ అక్కడ గొడవ కూడా బల్ల దగ్గరే. ఎవరి పక్కన కూర్చుని తింటావు, ఎవరొచ్చారని లేచిపోతావు. ఇదే కదా మన ఊళ్ళల్లో మన తాతలు పడ్డ బాధ. ఎవరితో కూర్చుని తినాలో లోకం చెప్తే విని విని విసిగిపోయి ఈ గుళ్ళోకి వచ్చాం. వచ్చి మళ్ళీ ఒక పళ్ళెం పక్కకి జరిపించాం.

మళ్ళీ కమిటీకి వస్తా. రెండో మీటింగులో పెద్దాయన తనంతట తనే అన్నారు, ఆ అమ్మాయి పేరు మళ్ళీ కలుపుదాం అని. అందరూ సరే అన్నారు. ఫోన్ చేసి చెప్తే సరిపోతుంది అన్నారు. ఫోన్ వద్దు, నేను వెళ్తా అన్నా.

వెళ్ళా. సాయంత్రం, ఆమె అప్పుడే మినుము చేలో కలుపు తీసి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. చిన్నోడు ఇప్పుడు ఆరో తరగతి. కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చోలేక నిలబడే చెప్పా. "అమ్మాయ్, మేము చేసింది తప్పు. రాసింది నేను, చదివింది నేను. నన్ను క్షమించు. కమిటీ నీ పేరు మళ్ళీ కలిపింది" అన్నా.

ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. తువాలుతో చేతులు తుడుచుకుంది. కాసేపాగి అంది:

"పేరు కొట్టేసినప్పుడు అందరి ముందు చదివారు గదా మావయ్యా. కలిపినప్పుడు ఇంటికొచ్చి చెప్తున్నారు. వాడు అప్పుడు రొట్టె కోసం చెయ్యి చాపాడు. ఎందుకు లాగానని అడిగితే ఏం చెప్పాలో తెలీక నీకింకా వయసు రాలేదన్నా. వాడికీ వినపడేట్టు చదవండి."

నాకు కాళ్ళు ఆడలేదు. క్షమాపణ కూడా మేము మాకు వీలుగా, చప్పుడు లేకుండా ఇద్దామనుకున్నాం. శిక్ష మైకులో, క్షమాపణ గుమ్మం దగ్గర.

ఆ మాట కమిటీలో చెప్పా. పాత గాయం ఎందుకు రేపడం, సంఘానికి పరువు తక్కువ అన్నారు కొందరు. గాయం మనది కాదు గదా రేపడానికి, ఆమె అడుగుతోంది అన్నా. ఏడుగురిలో నలుగురు చేతులెత్తారు. పెద్దాయన చెయ్యి ఎత్తలేదు. దించనూ లేదు, అలా మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి "చదువు. గట్టిగా చదువు" అన్నారు.

రేపు మొదటి ఆదివారం.

ఇవాళ మినుముకి మందు కొట్టి వచ్చి, స్నానం చేసి, ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకున్నా. సంవత్సరం, తీర్మానం, ఆమె పేరు. ఆ తీర్మానం తప్పు. ఆమె అవసరం ఏంటని అడక్కుండా, సహాయం చేయకుండా శిక్షించాం. రాసిన సెక్రటరీ నేనే, అదే నియమం 2023 డిసెంబరు 3 న నేను తప్పితే నన్నెవరూ ఏమీ అనలేదు. ఇంతే. చదవడానికి ఒక నిమిషం కూడా పట్టదు. 2016 లో చదివింది కూడా ఒక నిమిషమే.

దాంతోపాటు ఇంకోటి కూడా కమిటీలో పెట్టా. కూలికి పోయే ఆడవాళ్ళ కోసం బల్ల ఏదైనా వారం మధ్యలో సాయంత్రం పూట కూడా పెట్టమని. ఇంకా తేలలేదు. తేలితే రాస్తా.

రేపు ఆమె వస్తుందో రాదో నాకు తెలీదు. అడగలేదు. రావాలని చెప్పే హక్కు నాకు లేదు. మా ఆవిడ మాత్రం పొద్దున్నే వాళ్ళింటి మీదుగా వెళ్దాం అంటోంది.

మిత్రులారా, ఇది చర్చి సంగతి మాత్రమే అని పక్కన పెట్టకండి. కులపెద్దల దగ్గరో, సొసైటీలోనో, మన ఇంట్లోనో, ఎవరినో ఒకరిని దూరం పెట్టిన పేజీ ఒకటి ఉంటుంది. ఇష్టం లేని పెళ్ళి చేసుకుందని తలుపు మూసిన కూతురు కావచ్చు, అప్పు తీర్చలేదని మాట మానేసిన తమ్ముడు కావచ్చు. ఒకసారి ఆ పేజీ తెరిచి చూడండి. తర్వాత అదే తప్పు మనం చేసినప్పుడు దానికి ఏం పేరు పెట్టుకున్నామో కూడా చూడండి.

పొద్దున్నే లేవాలి. ఉంటా.